చెంగాళమ్మ గుడి, అనుమానాల గది

శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగరబోతోందంటే పత్రికల్లో తరచూ రెండు ఫొటోలు పడతాయి. ఒకటి లాంచ్‌ప్యాడ్ మీది రాకెట్‌ది. రెండోది, దాని బుల్లి నమూనా పట్టుకుని తిరుమల వెళ్లిన శాస్త్రవేత్తలది. 2023లో చంద్రయాన్-3కి ముందూ అంతే. అప్పటి ఇస్రో అధ్యక్షుడు సోమనాథ్ సూళ్లూరుపేట చెంగాళమ్మను దర్శించుకున్నారు. హేతువాదులకు ఒళ్లు మండింది: వీళ్లకు తమ లెక్కల మీద నమ్మకం లేదా?

లేదు. అసలు ఇస్రో ల్యాబుల పనే నమ్మకపోవడం.

పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశలో దాదాపు 139 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. రబ్బరు జాతి బంకలో అమోనియం పెర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి కలిపి పోత పోస్తారు. గట్టిపడ్డ ఆ ముద్దలో ఎక్కడైనా చీలిక ఉంటే మంట అందులోకీ దూరుతుంది, మండే వైశాల్యం పెరుగుతుంది, లోపలి పీడనం హద్దు దాటుతుంది. కంటికి అందని ఆ చీలిక కోసమే ఎక్స్‌రేలు. కొత్త మోటారునైతే ఎగరనివ్వకుండా నేల మీదే బిగించి మండించి చూస్తారు.

ఈ నమ్మకపోవడానికి పేరు అనుమానం. తెలుగులో అనుమానమంటే శంక. న్యాయదర్శనంలో మాత్రం అదొక ప్రమాణం, అంటే తెలుసుకునే దారి: కొండ మీద పొగ చూసి నిప్పుందని తెలుసుకోవడం. ఆ దర్శనం సంశయాన్నీ తన పదహారు పదార్థాల్లో చేర్చుకుంది. సంశయాత్ముడికి సుఖం లేదన్న గీత ఈ ల్యాబుల్లో కాస్త ఇబ్బంది పడేదేమో!

1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ కౌంట్‌డౌన్ చివర్లో కంప్యూటర్ ఆగమంది. పర్లేదన్నారు నిపుణులు. మిషన్ డైరెక్టర్ కలాం సరేనన్నారు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో నైట్రిక్ ఆమ్లం కారిపోయింది, రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ఆ రోజు సంశయించింది యంత్రం, విశ్వసించింది మనుషులు. పత్రికల ముందుకొచ్చి బాధ్యత తలకెత్తుకున్నది అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్. మరుసటి ఏడాది జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

1979 వైఫల్యానికి తప్పు వెతికింది ఆమ్లం కారిన వాల్వులో, గ్రహబలంలో కాదు. గుడికి వెళ్లే ఇంజినీరు ఇంధనంలో చీలిక పూడ్చమని అమ్మవారిని అడగడు. అది తన పని. అది పూర్తయ్యాక కూడా మిగిలిపోయే గుబులునే ఆమె ముందు పెడతాడు. అయితే అది అతని సొంత మొక్కా, సంస్థ మొక్కా అన్నది వేరే ప్రశ్న. నమూనాను కొండెక్కించడం నాకు కొంచెం ఎక్కువే అనిపిస్తుంది.

1979కి భిన్నంగా, 2019 జులై 15 తెల్లవారుజామున, ఇంకా 56 నిమిషాల 24 సెకన్లుందనగా, చంద్రయాన్-2 గడియారాన్ని ఆపేశారు. రాష్ట్రపతి చూడ్డానికి వచ్చి ఉన్నారు, దేశమంతా టీవీల ముందుంది. అయినా ఆపారు. లోపం సరిచేసి 22వ తేదీ మధ్యాహ్నం 2.43కి వదిలారు.