చూచువారి ఋణము

చేతితోఁ జేయు పనికి ధర్మాధర్మములు గలవని యెల్లరు నొప్పుకొందురు. నోటితో నాడు మాటకును గలవని యొప్పుకొందురు. కంటితోఁ జూచుటకు మాత్రము అట్టివి లేవని మనలో ననేకులు తలఁచుచున్నారు. కన్నులున్నవి, చూచితిమి, చూచినంతనే యెవరి సొమ్ము పోలేదు, ఎవరి యొంటికి దెబ్బ తగులలేదు, ఇందుఁ దప్పేమని యడుగుదురు. ఈ ప్రశ్నకు ఇంటఁ గూరుచుండి యుత్తరము చెప్పుట కష్టము. వేడుక చూచుటకుఁ బోవువారును, చచ్చిపోవుటకుఁ బోవువారును ఒకే మెట్లమీఁద నొకరినొకరు రాచుకొని నడచు నూరు కాశి. కాఁబట్టి యీ విచారణకు గంగయొడ్డునకుఁ బోవుదము.

మన తెలుఁగువారికిఁ గాశి క్రొత్తది కాదు. "కాశికిఁ బోయినవాఁడు కాటికిఁ బోయినవానితో సమానము" అని మన పెద్దలు చెప్పుకొనుచుండిరి. అది ఊరక పుట్టిన మాట కాదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ప్రధాన దుబాసిగా నుండిన యేనుఁగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీని కాశీయాత్రకు బయలుదేఱి, మరల నిల్లు చేరినది 1831 సెప్టెంబరు 3వ తేదీని. ఆయన దారిపొడవున వ్రాసికొన్న సంగతులు 1838లో కాశీయాత్రచరిత్ర యను పేర నచ్చుపడి, నాఁటి దేశస్థితిని మనకుఁ దెలుపుచున్నవి. పరివారమును ధనమును గలవారికే పదునైదు మాసములకుఁ బైగాఁ బట్టిన యాత్రకు, బీదవాఁడు బ్రతుకుమీఁద నాస వదలుకొనియే బయలుదేఱవలసి యుండెను. అతఁ డా నగరమున దేనిని జూచినను, తన ప్రాణము నొడ్డి చూచినవాఁడు. నేఁడు రైలు ఒకటి రెండు దినములలోఁ గొనిపోవుచున్నది. విమానము కొన్ని గంటలలోఁ గొనిపోవుచున్నది. ఇది మేలే. ముసలివారును రోగులును సుఖముగాఁ బోయి సుఖముగా వచ్చుచున్నారు. అయితే ప్రయాణము తేలికైనకొలఁది చూపుకూడఁ దేలికైనదేమో యని మాకు సందేహము.

కాశిలోఁ జూడఁదగినవి యనేకములు. అసీఘట్టము మొదలుకొని గంగ పొడవునను 80కిఁ బైగా ఘట్టములు గలవు. గంగ యిచ్చట నుత్తరముగాఁ బాఱుచున్నది. ఘట్టములు తూర్పు మొగమై యున్నవి. అందుచేత నుదయసూర్యుని వెలుఁగు మెట్లన్నిటిమీఁద నొక్కసారిగాఁ బడును. జయపురాధీశుఁడైన సవాయి జయసింహుఁడు 18వ శతాబ్దమున మానమందిరముపై నిలిపిన ఖగోళయంత్రములు, ఇందూరు రాణి యహల్యాబాయి 1780 ప్రాంతమునఁ గట్టించిన విశ్వేశ్వరాలయము, ఆ యాలయమునుండి గంగదాఁక 2021లోఁ దెఱవఁబడిన విశాలమైన త్రోవ, దశాశ్వమేధఘట్టమున సాయంకాలపు హారతి, ఆవలియొడ్డున రామనగరపుకోట, కొలఁదిదూరమున బుద్ధదేవుఁడు మొదటి ధర్మోపదేశము చేసిన సారనాథము, వీనిఁ జూచుటకు వచ్చువారిని దప్పుపట్టు వెఱ్ఱి మాకు లేదు. రాతికి సిగ్గు లేదు. శిల్పమును నలుగురు చూచుటకొఱకే శిల్పి చెక్కెను. హారతియు చూచువారికొఱకే యెత్తఁబడుచున్నది. కాని పడవ యింకను ముందునకుఁ బోవును. దశాశ్వమేధము దాఁటిన కొంతసేపటికి మణికర్ణిక వచ్చును.

కొన్ని యేండ్ల క్రిందట మేము సంధ్యవేళఁ బదిమందితోఁ గూడి యట్టి పడవలోఁ గూరుచుంటిమి. మణికర్ణిక యెదుటికి రాఁగానే, ఎవరు నడుగకయే, పడవవాఁడు వేగము తగ్గించి నిలిపెను. అచ్చట నిలుపుట వాడుక కాఁబోలు. ఒడ్డునఁ గట్టెలు మేడలవలెఁ బేర్చియున్నవి. క్రొత్తగా వచ్చిన పాడెలు గంగలో ముంచి తీయఁబడి, తమ వంతుకొఱకు మెట్లమీఁద వేచియున్నవి. పడవలోనివారు లేచి నిలువఁబడి ఫోనులు పైకెత్తిరి. "ఎన్ని మండుచున్నవో లెక్కపెట్టుఁడు" అని యొకరనిరి. మేమును లెక్కపెట్టితిమి. ఏడు. అంతలోఁ గ్రిందిమెట్టుమీఁదఁ దల గొఱిగించుకొని తెల్లని వస్త్రము కట్టుకొన్న పడుచువాఁ డొకఁడు మావంకఁ జూచెను. ఆ చూపునఁ గోపము లేదు, వేడుకోలును లేదు. ఎవరో చూచుచున్నారని మాత్రము తెలిసికొని, మరల మంటవైపునకు మొగము త్రిప్పుకొనెను. మాకు మా తండ్రిగారి దహనము జ్ఞప్తికి వచ్చెను. ఆనాఁడు గోదావరియొడ్డున మేమును నట్లే నిలిచియుంటిమి. అప్పుడొక పడవ వచ్చి నిలిచి, అందలివారు మా తండ్రిగారిని "ఒకటి" యని లెక్కపెట్టియుండినచో మాకెట్లుండును? ఆ రాత్రి మాకు అన్నము సయింపలేదు.

ఇందుకుఁ గొంద ఱిట్లు సమాధానము చెప్పుదురు. కాశిలో మరణము దాఁపఱికము కాదు. ఊరినడుమ, ఏటియొడ్డున, అందఱియెదుట దహనము జరుగుట యచ్చటి యాచారము. చావును జూచుటవలన మనుజునకు వైరాగ్యము పుట్టును. కాఁబట్టి చూచుట పుణ్యమే గాని పాపము కాదు. ఈ వాదమునఁ గొంత సత్యము లేకపోలేదు. చావు మాటనైన నింట రానీయక దాఁచిపెట్టువారికంటె, దానిని బ్రతుకులో నొక భాగముగా నెంచిన మన పెద్దలు ధైర్యవంతులు. అయితే శ్మశానవైరాగ్యమను మాటను బుట్టించినవారును వారే. కాటినుండి వచ్చి స్నానము చేయునంతలో నాఱిపోవు వైరాగ్యమున కా పేరు. తనవాని చితియొద్ద నిలిచినవానికే యంత స్వల్పకాలము నిలుచు వైరాగ్యము, పరుల చితినిఁ బడవలోనుండి చూచినవాని కెంతసేపు నిలుచును?

మఱియొక సంగతికూడ నాలోచింపవలెను. ఆ ఘట్టమున దహనము ముగిసినపిమ్మటఁ గర్త కుండెడు నీళ్లు భుజముమీఁదుగా వెనుకకు విసరి, వెనుదిరిగి చూడక వెడలిపోవును. మనలోఁగూడఁ గాటినుండి వెనుకకుఁ జూడక రావలెనను నియమము కలదు. కన్నకొడుకు చూపునకే హద్దు పెట్టిన యాచారము, దారినిఁ బోవువాని చూపునకు హద్దు లేదని చెప్పునా? నలుగురియెదుట జరుగుట వేఱు, నలుగురికొఱకు జరుగుట వేఱు. వీధిలో నేడ్చువాఁడు వీధికొఱ కేడ్చుట లేదు.

ఈ దోషము మన దేశమునకే చెందినదని యెవరును దలఁపవలదు. ఫ్రాన్సుదేశపు రాజధానియైన పారిసులో, సేన్ నదియొడ్డున, గుర్తు తెలియని శవముల నుంచు శాల యొకటి 19వ శతాబ్దమున నుండెను. ఏటఁ బడినవారిని, దిక్కులేక చచ్చినవారిని అద్దముల వెనుక నుంచి, జనులను లోపలికి రానిచ్చుచుండిరి. చుట్టములెవరైన వచ్చి గుర్తింతురను సదుద్దేశముతో నేర్పడిన పద్ధతి యది. క్రమముగా గుర్తించుటకు వచ్చువారికంటె వినోదమునకు వచ్చువా రెక్కువైరి. పరదేశపు యాత్రికులకు మార్గము చూపు పుస్తకములలో నా శాలయుఁ జూడవలసిన వింతలలోఁ జేరెను. తుదకు 1907లో దాని తలుపులు చూడవచ్చువారికి మూయఁబడెను. పారిసులోఁ దలుపులుండెను గనుక మూసిరి. మణికర్ణికకుఁ దలుపులు లేవు. అచ్చట మూయఁదగిన తలుపేదైన నున్నయెడల నది చూపరి కంటిఱెప్ప యొక్కటే.

అట్లైనఁ గన్నులు మూసికొని పోవుటయే ధర్మమా? సంస్కారము కోరు మన మా మాట యనరాదు. ఎవరో యొకరు చూడనిదే యే దురాచారమును దొలఁగలేదు. 1820 మొదలు పదియేండ్లు కాశిలో టంకశాల యుద్యోగిగా నుండిన జేమ్సు ప్రిన్సెపు ఆ నగరపు ఘట్టములను, వీధులను జిత్రించెను. చిత్రించి యూరకుండక, ఊరిలో నిలిచి క్రుళ్లు నీరు వెలికిఁ బోవుటకు సొరంగపుఁగాలువను గట్టించెను. 1916 ఫిబ్రవరిలోఁ గాశీ హిందూవిశ్వవిద్యాలయపు ప్రారంభోత్సవమునందు గాంధీమహాత్ముఁడు, రాజులును గొప్పవారును గూరుచున్న సభలో, విశ్వనాథాలయమునకుఁ బోయినపుడు తాను జూచిన సందుల మురికినిగూర్చి నిర్భయముగాఁ జెప్పెను. పరాయివానివలె వ్రేలు చూపక, హిందువుగాఁ జెప్పుచున్నానని తన్నుఁగూడఁ జేర్చుకొనియే చెప్పెను. వీ రిరువురును జూచినవారే. కాని చూచినది వారి కన్నులలోనే నిలిచిపోలేదు. ఒకరి చేతికిఁ బనియై, ఒకరి నోట మాటయై వెలువడెను.

దీనినే మేము ఋణమనుచున్నాము. దేవఋణము, ఋషిఋణము, పితృఋణమని మూఁడు ఋణములను మన శాస్త్రములు చెప్పుచున్నవి. పరుల బ్రతుకును జూచుటవలనఁ గలుగు ఋణమును నాలవదిగాఁ జేర్చుకొనుట మంచిదని మాకుఁ దోఁచుచున్నది. పరుల సంతోషమును జూచినచో నీ ఋణము తేలిక. ఒక చిఱునవ్వుతోఁ దీఱును. పరుల దుఃఖమును జూచినచో బరువు. దానిని వేడుకగాఁ జూచి, తీర్పకయే పోవువాఁడు పిలువని పేరంటమునకు వచ్చి, తాంబూలముకూడఁ బుచ్చుకొని పోవువానివంటివాఁడు.

ఈ ఋణమును మఱచిన కన్ను ముఖ్యముగాఁ జూడవలసినదానినే చూడదు. మణికర్ణికలో మంటను జూచువా రనేకులు. మంట నిచ్చువానిఁ జూచువా రెందఱు? ఆ ఘట్టమున నిప్పును డోములనఁబడు కులమువారియొద్దనే తీసికొనవలెను. ఎంత గొప్ప కులమువాఁడు చచ్చినను, వారి నిప్పు లేక చితి యంటుకొనదు. కట్టెలు సర్ది, మంటను గనిపెట్టుచుఁ, దుదివఱకుఁ బొగలో నిలుచువారు వారే. అట్టివారిని లోకము తరతరములుగా నంటరానివారని దూరముగా నుంచినది. 1950లో నమలులోనికి వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దు చేసినది. మన మనస్సులు చేయవలసిన పని మిగిలియున్నది. రాజైన హరిశ్చంద్రుఁడు కాటికాపరియై కఱ్ఱ పట్టుకొని నిలిచిన నాటకమును, తెల్లవార్లు కూరుచుండి చూచి కన్నీరు కార్చిన జాతి మనది. ఆ కథ జరిగినదని చెప్పఁబడు నూరికే పోయి, ఆ రాజు పేరుగల ఘట్టముననే, నిజమైన కాటికాపరి యెదురైనప్పుడు బట్ట తగులకుండ నొదిఁగిపోవుదుమేని, నాఁడు మనము కార్చిన కన్నీరు రాజుకొఱకే గాని కాటికాపరికొఱకుఁ గాదని తేలిపోవుచున్నది.

కట్టెల త్రాసు సంగతియు నిట్టిదే. అచ్చటఁ గట్టెలను దూచి యమ్ముదురు. తనయొద్దనున్న రూకలకుఁ దండ్రి నెంత కట్టెతో సాగనంపఁగలనో యని బీదవాఁడు త్రాసు ప్రక్కన నిలిచి లెక్క వేసికొనును. పడవలో నిలిచి మేము పెట్టిన లెక్కకును, వాని లెక్కకును నెంత దూరము!

రెండు దినములుండి పోవు గృహస్థుఁ డీ ఋణమును దీర్చుట యెట్లని యడుగవచ్చును. ముందుగాఁ దన చూపును దానే పరీక్షించుకొనవలెను. నేను జూచుచున్నవాఁడు తల యెత్తి నన్నుఁ జూచినచో, నేనున్న తీరున నతని యెదుట నిలువఁగలనా? నిలువఁగలిగిన నా చూపు ధర్మము. ఫోను దించి, మొగము దాఁచుకొనవలసివచ్చిన నధర్మము. ఈ పరీక్షకు శాస్త్రపాండిత్య మక్కఱలేదు. చితులయెదుటఁ బడవ నిలుపవలదని పడవవానికి ముందుగనే చెప్పవచ్చును. ఎదుటికి వచ్చినప్పుడు మాటలు మాని చేతులు జోడింపవచ్చును. దహనము చేయువారితో మాటలాడు నవకాశము గలిగినచోఁ బెద్దమనిషితో మాటలాడినట్లు మాటలాడవచ్చును.

అయితే ఋణమును దెచ్చుకొన్నచోటనే తీర్పవలెనను నియమము లేదు. కాశినుండి వచ్చినవారు సమారాధన చేసి గంగను బంచిపెట్టుదురు. ఆ దినముననే తమ యూరి శ్మశానమువఱకుఁ బోయి చూడవలసినదని మా మనవి. అచ్చట నెండకు నీడ గలదా? వచ్చినవారు కాళ్లు కడుగుకొనుటకు నీళ్లు గలవా? దిక్కులేనివానికిఁ గట్టె లెవరిత్తురు? అన్ని కులములవారికిని నచ్చటఁ జోటున్నదా? కాటికాపరి బిడ్డలు బడికిఁ బోవుచున్నారా? గంగయొడ్డునఁ జూచినదానికి గోదావరియొడ్డునను, కృష్ణయొడ్డునను, పేరులేని చెఱువుగట్టునను బాకీ చెల్లింపవచ్చును. వేయి మైళ్లు పోయి చూచివచ్చిన కన్ను, ఊరిచివర నున్నదానిని జూడలేకపోయినయెడల నా యాత్ర దేనికి?

తుదిగాఁ దల్లులతో నొక మాట. పిల్లలను వెంటఁబెట్టుకొని పడవ నెక్కుదురు. మణికర్ణిక రాఁగానే "అమ్మా, అదేమి మంట?" అని బిడ్డ యడుగకమానదు. చూడకుమని కన్నులు మూయవలదు. అదిగో చూడు చూడుమని వ్రేలును జూపవలదు. "ఎవరి నాయనగారో వెళ్లిపోయినారమ్మా, వాళ్లు ఏడ్చుచున్నారు, దండము పెట్టు" అని చెప్పవలెను. బిడ్డ పెట్టును. ఆ నగరమున నా బిడ్డ యంతకంటె జూడవలసినది మఱి లేదు.