దిద్దిన ముఖం, దిద్దిన చిత్రం: ప్రసాధన ఛాయాచిత్రాల సవరణపై ఒక వివేచన

తెలుగులో ‘దిద్దు’ అనే క్రియకు ఉన్న అర్థవిస్తృతి గమనించదగినది. బొట్టు దిద్దుతారు, కనుబొమలు దిద్దుతారు. పిల్లలు పలక మీద అక్షరాలు దిద్దుతారు. ఉపాధ్యాయుడు జవాబుపత్రాలు దిద్దుతాడు, పెద్దలు నడవడి దిద్దుతారు. గురజాడ 1910లో తన కథకు ‘దిద్దుబాటు’ అని పేరు పెట్టినప్పుడు ఉద్దేశించినది ఈ చివరి అర్థాన్నే. అలంకరించడం, ఉన్న గీత మీదుగా మళ్ళీ గీయడం, తప్పును సరిచేయడం అనే మూడు పనులూ ఒకే క్రియలో ఒదిగిపోయాయి. మేకప్ వేసుకున్న ముఖాన్ని ఫోటో తీసి, ఆ ఫోటోను ఫోన్‌లోనే సవరించి సామాజిక మాధ్యమాలలో పంచుకునే నేటి అలవాటుకు ‘దిద్దుబాటు’ కన్న సహజమైన తెలుగు మాట దొరకదు. ఆ సౌలభ్యంలోనే ఒక చిక్కు కూడా ఉంది. ముఖాన్ని దిద్దడాన్నీ చిత్రాన్ని దిద్దడాన్నీ ఒకే మాటతో చెప్పగలిగినప్పుడు, మొదటిదానికి సమాజంలో ఉన్న ఆమోదం రెండవదానికి అడగకుండానే సంక్రమిస్తుంది.

ఈ అలవాటును సమర్థించేవారి వాదం సూటిగా ఉంటుంది. కాటుక కన్నును పెద్దదిగా చూపుతుంది. ఫౌండేషన్ చర్మంలోని ఎగుడుదిగుడులను కప్పుతుంది. కాంటూర్ పొడి చెంప మీద లేని నీడను కల్పిస్తుంది. ఇవన్నీ ఉన్నదాన్ని మరొకలా చూపేవే. వీటిని తప్పు పట్టని లోకం, అదే పనిని తెర మీద వేలికొసతో చేస్తే ఎందుకు తప్పు పట్టాలి? ప్రతిపక్షం జవాబు కూడా అంతే సూటిగా ఉంటుంది: ఫోటో ఉన్నది ఉన్నట్టు చూపడానికి పుట్టింది, దాన్ని దిద్దితే అది అబద్ధమవుతుంది. రెండు వాదాలూ సాధనం చుట్టూనే తిరుగుతున్నాయి. కుంచెతో చేశారా, సాఫ్ట్‌వేర్‌తో చేశారా అన్నచోటనే ఆగిపోతున్నాయి. అంతకన్న ముందు తేల్చవలసిన విషయం ఒకటి ఉంది. ఆ చిత్రం దేన్ని గురించి చెబుతున్నది?

ఇక్కడ అలంకారశాస్త్రంలోని ఒక పాత వివాదం పనికివస్తుంది. దండి కావ్యాదర్శంలో స్వభావోక్తిని అర్థాలంకారాలలో మొదటిదిగా చెప్పాడు. కుంతకుడు వక్రోక్తిజీవితంలో దాన్ని అలంకారంగా అంగీకరించలేదు. వస్తువు స్వభావమే అలంకారమైతే అలంకరించడానికి ఇంకేమి మిగులుతుందన్నది అతని ఆక్షేపణ. అలంకార్యం వేరు, అలంకారం వేరు. కావ్యంలో అవి నిజానికి విడివిడిగా ఉండవనీ, వివేచన కోసమే విడదీస్తున్నామనీ కూడా అతడు స్పష్టం చేశాడు. కావ్యం విషయంలో ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే చర్చ. ఛాయాచిత్రం విషయంలో మాత్రం అది చాలా దూరం తీసుకువెళ్తుంది.

పెళ్ళిలోనో పండుగనాడో దిగిన ఫోటోలో అలంకార్యం మనిషి. చీర, నగలు, మేకప్, వెలుతురు, ఫోటోకు ఆ తరువాత చేసే చిన్న సవరణ, అన్నీ ఆ మనిషికి అలంకారాలే. ప్రత్యేకంగా ‘మేకప్ ఫోటో’ అనదగిన చిత్రంలో ఈ సంబంధం తారుమారవుతుంది. ఈ లిప్‌స్టిక్ పెదవి మీద ఇలా ఉంటుంది, ఈ పద్ధతిలో కన్ను దిద్దితే ఇలా వస్తుంది, ఈ వధువును ఈ విధంగా ముస్తాబు చేశాను అని చెప్పడానికి పంచుకునే చిత్రంలో అలంకార్యం మేకప్పే. ముఖం దానికి ఆధారం మాత్రమే. మామూలు సందర్భంలో అలంకారంగా ఉన్నది ఇక్కడ వర్ణ్యవస్తువుగా మారింది. అటువంటి చిత్రాన్ని దిద్దినప్పుడు మారేది ముఖం కాదు, చెప్పదలచిన విషయమే మారుతుంది. మేకప్ సరే అయితే సవరణా సరే అనే వాదం ఈ మార్పును గమనించదు. ముఖానికి వేసిన మేకప్ తనను గురించి తాను ఏ సాక్ష్యమూ ఇవ్వదు. మేకప్‌ను చూపడానికి పెట్టిన ఫోటో ఇస్తుంది.

ఫౌండేషన్ చర్మం మీద ఎలా ప్రవర్తిస్తుందో తెలిసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. అది రంగునిచ్చే పదార్థాలను నీటిలోనో నూనెలోనో సిలికోన్‌లోనో కలిపిన లేపనం. పొడిబారిన చోట పొట్టుకు అంటుకొని తేలి కనిపిస్తుంది. జిడ్డు చర్మం మీద కొన్ని గంటలకు విడిపోయి మచ్చలు కడుతుంది. నవ్వినప్పుడు పడే ముడతలో పేరుకుంటుంది. కంటి కింద పూసే కన్సీలర్ ఇంకా త్వరగా గీతలు తేలుతుంది. బెజవాడ మే నెల ఉక్కలో జరిగే పెళ్ళిలో ఇవన్నీ తలంబ్రాల వేళకే బయటపడవచ్చు. చర్మాన్ని నునుపు చేసే ఫిల్టర్ సాధారణంగా చేసే పని, చిత్రంలో పక్కపక్కన ఉన్న బిందువుల మధ్య తేడాలను తగ్గించి చదును చేయడం. అలా చెరిగిపోయేవి రంధ్రాలు, గీతలు, నూగు, పొడి అంటిన జాడలు. ఆ మేకప్ ఎంత కుదిరిందో, ఎంతసేపు నిలిచేలా ఉందో చెప్పగల ఆధారమంతా వాటిలోనే ఉంటుంది. ఫిల్టర్ తరువాత చవక సీసాకూ ఖరీదైన సీసాకూ తేడా కనబడదు. చేయి తిరిగినవారి పనికీ నిన్న మొన్న నేర్చుకున్నవారి పనికీ కూడా కనబడదు.

ఆ ఫోటో చూసి, అదే సీసా కొని, అదే పద్ధతిలో ప్రయత్నించిన అమ్మాయికి అద్దంలో ఆ ఫలితం కనిపించదు. కారణం ఫోటోలో ఉందని ఆమెకు తోచదు. తన చేతిలో ఉందనుకుంటుంది. ఎక్కువసార్లు తన చర్మంలోనే ఉందనుకుంటుంది. మోసపోయినవారు మామూలుగా మోసగించినవారిని నిందిస్తారు. ఇక్కడ నింద వెనుదిరిగి మోసపోయినవారి ముఖం మీదికే వస్తుంది. ఈ సవరణను కేవలం అభిరుచి సమస్యగా కొట్టివేయడానికి వీల్లేకపోవడానికి ఇదే ప్రధాన కారణం.

వ్యాపార ప్రకటనల రంగం ఈ తేడాను ముందే గుర్తించింది. 2011లో బ్రిటన్‌లోని ప్రకటనల ప్రమాణాల సంస్థ జూలియా రాబర్ట్స్, క్రిస్టీ టర్లింగ్‌టన్ కనిపించిన రెండు ఫౌండేషన్ ప్రకటనలను నిషేధించింది. చిత్రాలలో కనిపించే ఫలితం ఆ లేపనాల వల్లనే వచ్చిందని, సవరణ దాన్ని అతిశయింపజేయలేదని ప్రకటనదారు నిరూపించలేకపోవడం అందుకు కారణం. అక్కడ విచారణకు వచ్చినది తారల అందం కాదు, లేపనం సామర్థ్యం. ఇంట్లో కూర్చుని తన మేకప్‌ను పదిమందికి చూపే వ్యక్తికి అమ్ముకోవలసిన సరుకు ఉండకపోవచ్చు. బాధ్యత తీవ్రత అందువల్ల తగ్గుతుంది. చెప్పిన మాట స్వభావం మాత్రం మారదు.

‘అందరూ దిద్దుతారని అందరికీ తెలుసు, ఇక మోసమెక్కడ?’ అనే ఆక్షేపణ వీటన్నిటిలో బలమైనది. సంకేతం ఉభయులకూ తెలిసినచోట అసత్యం ఉండదన్నది సాహిత్య విద్యార్థులు కాదనలేని సూత్రం. ముఖం చంద్రబింబమన్న కవిని ఎవరూ బొంకాడని అనరు. భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా ప్రవేశించినప్పుడు ఆ జడా నగలూ ఆహార్యమని ప్రేక్షకులకు తెలుసు. తెలిసీ మైమరచిపోవడమే అక్కడి ఆనందం. ఫోటో సవరణను ఈ కోవలో చేర్చడానికి ఒక అడ్డంకి ఉంది. అతిశయోక్తి తన ఉనికిని తానే చాటుకుంటుంది. అది అతిశయమని తెలియకపోతే చమత్కారమే పుట్టదు. సవరణ దీనికి విరుద్ధం. దాని జాడ తెలియకుండా ఉన్నంతవరకే అది సఫలం, తెలిసిపోతే నవ్వులపాలు. అదీగాక, లోకంలో సవరణలు జరుగుతాయన్న సామాన్య జ్ఞానం ఈ చిత్రంలో ఏది, ఎంత మారిందో చెప్పదు. మాళవికాగ్నిమిత్రంలో అగ్నిమిత్రుడు మాళవికను మొదట చిత్రంలో చూసి, అంత అందం నిజంగా ఉంటుందా అని శంకిస్తాడు. ఎదురుగా చూశాక చిత్రకారుడి ఏకాగ్రతే సడలిందనుకుంటాడు. చిత్రకారులు పెంచి గీస్తారని తెలిసి ఉండడం ఆ రాజుకు ఏమీ తేల్చలేకపోయింది. పక్కన మనిషిని నిలబెట్టి చూసుకునే అవకాశమే తేల్చింది. తెర మీది చిత్రాన్ని చూసేవారికి ఆ అవకాశం లేదు.

దిద్దని చిత్రమే సత్యమన్న నమ్మకాన్ని కూడా అంతే గట్టిగా ప్రశ్నించాలి. చేతి దూరం కన్న దగ్గరగా, దాదాపు 12 అంగుళాల నుంచి తీసుకున్న సెల్ఫీలో ముక్కు వెడల్పు సుమారు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టారు. రంగుల ఫోటోగ్రఫీ చరిత్ర ఇంకా విచారకరమైనది. 20వ శతాబ్ది మధ్యభాగం నుంచి కొడాక్ సంస్థ ప్రయోగశాలలకు పంపిన ‘షర్లీ’ కార్డుల మీద చాలాకాలం తెల్లజాతి స్త్రీల చిత్రాలే ఉండేవి. వారి చర్మం రంగు సరిగా వస్తే అచ్చు సరిగా వచ్చినట్టు లెక్క. నల్లని ముఖాలు ఆ లెక్కలో వివరాలు కోల్పోయి మసకబారాయి. నేటి ఫోన్ కెమెరాలు ఎవరూ అడగకుండానే వెలుతురునూ రంగునూ సవరించి చిత్రాన్ని చేతికిస్తాయి. కళ్యాణమండపంలోని తెల్లని ఎల్‌ఈడీ దీపాల కింద చామనఛాయ వధువు పాలిపోయి కనిపిస్తే, కుంకుమరంగు లిప్‌స్టిక్ గులాబీగా వస్తే, వాటిని కంటికి కనిపించిన రంగుకు తిరిగి తేవడం సత్యం వైపు జరిగిన దిద్దుబాటు. గురజాడ వాడిన అర్థం ఇక్కడ పూర్తిగా సరిపోతుంది. దీన్నిబట్టి సవరించడం, సవరించకపోవడం అన్నవి నీతికి గీటురాళ్ళు కాలేవు.

దాచుకునే హక్కు గురించిన మాట ఇంకొకటి ఉంది. నుదుటి మీద లేచిన మొటిమను, బొల్లి మచ్చను, కాలిన గాయాన్ని లోకానికి చూపవలసిన బాధ్యత ఎవరికీ లేదు. కంటి అలంకరణను చూపే చిత్రంలో గడ్డం మీది మచ్చను తొలగిస్తే, ఆ చిత్రం చెబుతున్న విషయానికి ఏ భంగమూ కలగదు. అది మౌనం, అసత్యం కాదు. ‘ఫిల్టర్ లేదు’, ‘ఈ క్రీమ్ ఒక్కటే వాడాను’ అన్న వాక్యం పక్కన చేరిన క్షణంలో ఆ మౌనం స్వభావం మారుతుంది. మహాభారత ద్రోణపర్వంలో ధర్మరాజు అర్ధసత్యం ఇక్కడ గుర్తుకు రాక తప్పదు. భీముడు చెప్పినప్పుడు నమ్మని ద్రోణుడు ధర్మరాజునే అడిగాడు, ఆయన అబద్ధమాడడన్న నమ్మకంతో. ఆ మాటకు బలమిచ్చింది వక్త వాక్చాతుర్యం కాదు, శ్రోతకు ఆయన మీద ఉన్న విశ్వాసం. అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన రథం అప్పుడు నేలకు తగిలింది. నిజాయతీకి పేరుపడ్డ వ్యక్తి పంచిన దిద్దిన ఫోటో అపరిచితుల ఫోటో కన్న ఎక్కువ హాని చేయడం ఇందువల్లనే.

ఫిల్టర్లు చెరిపేవాటికి ఉన్న విలువను ఆరణ్యపర్వంలోని నలోపాఖ్యానం మరో వైపు నుంచి చూపుతుంది. స్వయంవర మండపంలో నలుడి రూపం ధరించిన దేవతలు నలుగురూ నలుడూ ఒకే తీరున కూర్చున్నారు. దమయంతి తన వరుణ్ణి పోల్చుకున్నది అతని అందాన్ని బట్టి కాదు. చెమట, ధూళి, వాడిన పూలదండ, నేల మీద పడిన నీడ, రెప్పపాటు, ఇవి ఉన్నవాడే మనిషి. దేవతల రూపం అన్ని విధాలా నిర్దుష్టం, అందుకే నలుగురూ ఒక్కలాగే ఉన్నారు. ఒకే ఫిల్టర్ గుండా వచ్చిన ముఖాలన్నీ ఒక్కలాగే కనిపించడం కాకతాళీయం కాదు.

చెరిగిపోయే గుర్తులలో అన్నిటికన్న బరువైనది చర్మం రంగు. ‘అందాన్ని పెంచే’ మీటలలో చాలా వాటికి ముఖాన్ని తెల్లబరచడం అంతర్భాగం. వాడినవారు ప్రత్యేకంగా కోరకపోయినా అది జరిగిపోతుంది. ద్రౌపదికి ఆమె మేనిఛాయను బట్టే కృష్ణ అని పేరు. ఆ పేరు పెట్టిన ఇతిహాసమే ఆమెను సాటిలేని సౌందర్యవతి అన్నది. ఆ కథను తరతరాలుగా విన్న సమాజంలోనే పెళ్ళి సంబంధాల మాటల్లో ‘అమ్మాయి రంగు’ ఇప్పటికీ మొదటి ప్రశ్నల్లో ఒకటి. ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’గా పేరు మార్చుకున్నది. ఫోన్‌లోని మీట పేరు మార్చుకోవలసిన అవసరం కూడా రాలేదు, దానికి పేరే లేదు కనుక.

ఈ విషయంలో చట్టం చేయగలిగింది పరిమితం. మోడళ్ళ శరీరాకృతిని మార్చిన వాణిజ్య చిత్రాల మీద ఆ సంగతి రాయాలని ఫ్రాన్స్ 2017లోనూ, చర్మాన్నీ ఆకృతినీ దిద్దిన ప్రకటనలకు గుర్తు వేయాలని నార్వే 2022లోనూ నియమాలు అమలులోకి తెచ్చాయి. రెండూ డబ్బు చేతులు మారే చోటికే పరిమితమైనవి. వ్యక్తులు తమ సంతోషం కోసం పంచుకునే చిత్రాల జోలికి అవి రావు, రాకూడదు కూడా. పైగా ‘దిద్దబడినది’ అన్న చీటీ ఏది దిద్దారో చెప్పదు. వెలుతురు సరిచేసినవారికీ ముఖాన్నే మార్చినవారికీ ఒకే చీటీ తగిలిస్తుంది.

ఈ రెండు కోవల మధ్య, అమ్మకానికీ సరదాకూ నడిమి తావులో, తెలుగు జిల్లాల పట్టణాలలో పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేసే మేకప్ కళాకారిణుల వృత్తి నడుస్తున్నది. వారు పంచే ‘ముందు, తరువాత’ జంట చిత్రాలే వారికి బోర్డు, కరపత్రం, అనుభవపత్రం. వాటిని చూసే కుటుంబాలు బయానా ఇస్తాయి. ‘ముందు’ చిత్రాన్ని మసక వెలుతురులో తీసి, ‘తరువాత’ చిత్రాన్ని నునుపు చేసి, రెండు ఛాయలు తెల్లబరిస్తే, ఆ జంట రెండు విషయాలలో తప్పుసాక్ష్యం చెబుతుంది: కళాకారిణి చేతి గురించి, వధువు రంగు గురించి. వధువు సమ్మతి ఉంటే రెండవదాన్ని ఆమె స్వవిషయంగా కొంతవరకు అంగీకరించవచ్చు, ఆ సమ్మతి నోటితోనైనా అడగడం మాత్రం అరుదు. మొదటిదాన్ని మన్నించే అధికారం వధువుకు లేదు. అది వచ్చే మాఘమాసానికి బయానా ఇవ్వబోతున్న మరో ఇంటివారిది, వారిని ఎవరూ అడగలేదు.