వాన పడకపోతే తప్పెవరిది?

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చే బస్సులో ఉద్యోగం మాట ఎత్తితే పెద్దలు రెండే చెబుతారు. ‘నసీబుల ఉంటే అదే వస్తది’ అని ఒకరు. ‘మంచిగ సదివితే ఎందుకు రాదు?’ అని ఇంకొకరు. మొదటి మాటతో పుస్తకం మూతపడుతుంది, రెండో మాటతో నిద్ర దూరమవుతుంది. ఏళ్లతరబడి ఖాళీగా ఉన్న డిగ్రీ కుర్రాడు ఈ రెండింటినీ ఒకేసారి మోస్తుంటాడు. అంతా రాతే అనుకుంటాడు, అంతా తన చేతగానితనమే అని కూడా అనుకుంటాడు.

ఈ తగవును మహాభారతం అరణ్యపర్వంలో ద్రౌపది తేల్చడానికి చూసింది. రాజ్యం పోయి ద్వైతవనంలో ఉన్న రోజులవి. విధి చూసుకుంటుందని కూర్చునేవాణ్నీ, అంతా అనుకోకుండా జరిగేదే అనేవాణ్నీ ఆమె ఒకే గాటన కట్టి, పని చేయాలనే బుద్ధే మేలంటుంది. ఆ తర్వాత రైతును సాక్ష్యానికి తెస్తుంది. అతడు దున్నుతాడు, విత్తుతాడు, ఆపైన మేఘం వంతు. వాన రాకపోతే, నలుగురూ చేసేది నేనూ చేశాను, నా తప్పేం లేదని అనుకునే హక్కు అతనికి ఉంది. ఇదంతా చిన్నప్పుడు తండ్రి ఒడిలో కూర్చుని, ఇంటికి వచ్చిన పండితుడు అన్నదమ్ములకు చెబుతుంటే విన్నానంటుంది. తనకు చెప్పని పాఠాన్ని ఎక్కువగా ఒంటబట్టించుకున్నది ఆమేనేమో!

ఈ ఉదాహరణ ఇక్కడివాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. మంజీరపై 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ ఎల్లారెడ్డి దాపునే ఉంది. కాలువ మాత్రం బాన్సువాడ, బోధన్ వైపు పారుతుంది. కామారెడ్డి మెట్ట రైతుకు దిక్కు బోరు, ఆకాశం.

అయితే ఉద్యోగాల వాన మేఘం కురిపించేది కాదు. గల్ఫ్ కొలువులనే చూడండి. 2014 మధ్యలో వంద డాలర్లు దాటి ఉన్న పీపా చమురు 2016 జనవరికల్లా ముప్పై కిందికి పడింది. ఆ ఏడాది సౌదీలో నిర్మాణ కంపెనీలు జీతాలు ఆపేస్తే, పది వేలకు పైగా భారతీయ కార్మికులకు క్యాంపుల్లో తిండికే కటకట అయింది. ఆగస్టులో కేంద్ర సహాయమంత్రి వి.కె. సింగ్ జెద్దా వెళ్లవలసి వచ్చింది. కామారెడ్డి జిల్లాలో గల్ఫ్ డబ్బుతో లేచిన ఇళ్లు లేని ఊరు అరుదు. చమురు ధర ఇక్కడి ఇంటి గోడ మీద కనిపిస్తుంది.

ఇంట్లోనే ఉండి చదివినవాడి సంగతి? తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో వెలువడింది. పోస్టులు 503, దరఖాస్తులు దాదాపు 3.8 లక్షలు. అక్టోబర్‌లో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024లో కొత్త ప్రకటన, కొత్త ప్రిలిమ్స్. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకు బీడీలే ఆధారం. కొడుకు పరీక్ష వాయిదా పడ్డ ప్రతి నెల ఖర్చునూ తల్లి వెయ్యి బీడీల కూలి లెక్కన తీరుస్తూ వచ్చింది.

ఇక్కడ రైతు ఉదాహరణ సగమే నిలబడుతుంది. మేఘాన్ని నిలదీయలేం, ప్రశ్నపత్రాన్ని అమ్ముకున్నవాణ్ని నిలదీయవచ్చు. ద్రౌపదికి ఆ తేడా తెలియదనలేం. ఆమె ఎదుట కూర్చున్నది రాజ్యాన్ని జూదంలో ఒడ్డిన ధర్మరాజే. దేవుడి లీల అని ఆమె అతణ్ని వదిలిపెట్టలేదు. పైవాళ్ల తప్పుకు ‘కర్మ’ అని పేరు పెట్టి నిరుద్యోగి నెత్తిన వేయడం ధర్మశాస్త్రం కాదు, తప్పించుకోవడం.

ద్రౌపది ప్రసంగంలోనే ఇంకో రెండు మాటలున్నాయి. మనిషి తనను తాను ఎన్నడూ కించపరచుకోరాదు, అలాంటివాడి దగ్గరికి సంపద రాదు అన్నది ఒకటి. కోచింగ్ సెంటర్ గోడల మీది ‘పాజిటివ్‌గా ఉండు’ కన్నా ఇది గట్టిది. నవ్వుతూ ఉండమని ఇది అడగదు, బాధపడే హక్కును లాక్కోదు. రెండోది, తెలివైనవాడు చోటు, కాలం, ఉపాయం చూసుకుని శక్తికొద్దీ పనిలో దిగుతాడన్నది. ఇలాంటి మాటే ఇస్లాంలోనూ ఉంది: ఒంటెను కట్టేసి, ఆ తర్వాత దైవం మీద భారం వేయమని ప్రవక్త చెప్పినట్టు తిర్మిజీ హదీసు సంకలనంలో ఉంది. సౌదీ ఎడారిలో నిజంగానే ఒంటెలు కాసి వచ్చిన తెలంగాణవాళ్లకు ఆ తాడు బరువు తెలుసు.

పాండవులు చివరికి విరాటుడి కొలువులో పని వెతుక్కున్నారు. ధర్మరాజు తనను ముంచిన పాచికలనే కొలువుగా మార్చుకున్నాడు, భీముడు వంటశాలకు, అర్జునుడు నాట్యం నేర్పడానికి పోయారు. సైరంధ్రిగా చేరిన ద్రౌపది మాత్రం ఎంగిలి తిననని, కాళ్లు కడగనని ముందే చెప్పి లోపల అడుగుపెట్టింది. పదో తరగతి దాటక, వలస తనిఖీ తప్పనిసరైన (ఇసిఆర్) పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు పోయే కార్మికుడికి షరతులు ముందే తెలియాలనే ప్రభుత్వం ఈ-మైగ్రేట్ ద్వారా వలస అనుమతి (క్లియరెన్స్) పెట్టింది. విజిట్ వీసా మీద విమానం ఎక్కించే ఏజెంటు సరిగ్గా ఆ మెట్టునే తప్పిస్తాడు. అక్కడ జీతం ఎగ్గొడితే కంపెనీ మీద ఫిర్యాదు చేయడానికి కార్మికుడి చేతిలో ఒప్పంద పత్రం ఉండదు.