ముందు పట్టు మార్చుకో, నాయనా

నాయనా, నువ్వు కొట్టిన గోల్ఫ్ బంతి కుడికి వంపు తిరిగి చెట్లలో పడిన ప్రతిసారీ నీ ముఖం చూస్తున్నాను. ఆ స్లైస్ కన్నా దానికి నువ్వు కనిపెట్టిన విరుగుడే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. కుడికి పోతోంది కదా అని రోజురోజుకీ ఇంకాస్త ఎడమకి తిరిగి నిలబడుతున్నావు. అలా నిలబడితే భుజాలూ ఎడమకే తిరుగుతాయి, క్లబ్ బంతికి అవతలి నుంచి నీ వైపు కోసుకుంటూ వస్తుంది. నీ కళ్లు గురి మీదే ఉంటాయి కనుక క్లబ్ ఫేస్ మాత్రం కుడికి తెరుచుకునే ఉంటుంది. ఎంత ఎడమకి తిరిగితే అంత వంపు.

బంతీ ఫేసూ తాకి ఉండేది సెకనులో రెండువేలో వంతు. అప్పుడు ఫేస్ ఎటు చూస్తే బంతి దాదాపు అటే బయలుదేరుతుంది. క్లబ్ వచ్చే దారి కన్నా ఫేస్ కుడికి ఉంటే గాలిలో కుడికి వంగుతుంది. వెడ్జ్‌కి లాఫ్ట్ (ఫేస్ వాలు) ఎక్కువ, బంతి తన చుట్టూ తాను బాగా వెనక్కి తిరుగుతుంది కాబట్టి ఆ వంపు పెద్దగా కనిపించదు. డ్రైవర్‌తో అంతా బయటపడుతుంది. అందుకే కొత్త డ్రైవర్ కొంటానంటే వద్దన్నాను. డబ్బు దండగ.

ముందు పట్టు చూసుకో. గ్లవ్ వేసిన ఎడమ చేతిని క్లబ్ మీద పెట్టి కిందికి చూడు. ఒక్క కణుపే కనబడితే చెయ్యి మరీ ఎడమకి ఒరిగినట్టు. కాస్త కుడికి తిప్పు. రెండు కణుపులు స్పష్టంగా, మూడోది కొంచెం కనబడాలి. క్లబ్ అరచేతి మధ్యలో కాదు, వేళ్ల మొదళ్లలో కూర్చోవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పడే గీత కుడి భుజం వైపు చూడాలి, రెండు చేతులదీ. గట్టిగా పిసకకు, మణికట్లు బిగుసుకుంటే ఫేస్ తిరగదు. మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. ఇంట్లో టీవీ చూస్తూ పట్టుకో, వదులు, మళ్లీ పట్టుకో.

బెన్ హోగన్ 1957లో రాసిన ‘ఫైవ్ లెసన్స్’ నీ బల్ల మీద చూశాను. మహానుభావుడు. కానీ ఆయన్ను ఏళ్లపాటు వేధించింది హుక్, నీ బాధకి సరిగ్గా ఎదురుది. బంతి ఎడమకి పోకుండా ఆయన దిద్దుకున్న పట్టు నువ్వు తెచ్చుకుంటే స్లైస్ ఇంకా ముదురుతుంది. ఆయన దగ్గర నువ్వు నేర్చుకోవాల్సింది సాధన.

సాధన చేసే రేంజిలో డ్రైవర్‌ని బ్యాగులోనే ఉండనీ. ఏడో నంబర్ ఐరన్ తీసుకుని బంతిని పొట్టి టీ మీద పెట్టు. కాలివేళ్ల ముందు ఒక క్లబ్‌ని గురికి సమాంతరంగా నేల మీద పడుకోబెట్టు. బంతికి అవతలి పక్క, బెత్తెడు దూరంలో, కాస్త వెనగ్గా డ్రైవర్ తొడుగు ఉంచు. చేతులు నడుము ఎత్తు దాటకుండా సగం స్వింగే చెయ్యి. కిందికి వచ్చేటప్పుడు ముందు బరువు ఎడమ కాలి మీదికి రావాలి, చేతులు ఆ తర్వాత. భుజం తొందరపడి ముందుకు దూకితే క్లబ్ వెళ్లి తొడుగును తన్నుతుంది. ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

బకెట్ బంతులన్నీ పావుగంటలో ఊడ్చెయ్యకు. ఒక్కో బంతికీ వెనక్కి జరిగి, పట్టు వదిలి, కొత్తగా పట్టుకో. కొన్నాళ్లకి బంతి ఎడమకి పోవడం మొదలెడుతుంది. కంగారుపడి పాత పట్టుకి పోకు. ఫేస్ మూసుకోవడం నేర్చుకుందనడానికి అదే గుర్తు. తర్వాత కుడికి కాస్త వంపు మిగిలినా దిగులు లేదు. 18 మేజర్ టోర్నీలు గెలిచిన జాక్ నిక్లాస్ ఇష్టపడి ఆడిందీ కుడికి కొద్దిగా వంగే బంతే.

గోల్కొండ కోర్సులో మీ ఆదివారం పందెం రౌండ్లు ఈ నెల్లాళ్లూ మానెయ్. స్కోరు మీద మనసుంటే చేతులు పాత దారే పడతాయి. రేపు ఎండెక్కకముందే రేంజికి రా, ఆ పట్టు నా కళ్లముందు ఒకసారి పట్టి చూపించు.