సత్యము దాచుట ధర్మమగునా?

ఎరిగిన సత్యమును దాచరాదని పెద్దలు చెప్పుదురు. అట్లయినచో, ఎరిగియు నోరు విప్పరాదని, విప్పినచో చెరసాల తప్పదని శాసించు చట్టమును ఎట్లు సమర్థింపవలెను? గర్భస్థ శిశువు ఆడయో మగయో తెలుపరాదను నిషేధమును గూర్చి ఆలోచనాపరులు కొందరు వేయు ప్రశ్న ఇది. తేలికగా త్రోసివేయదగినది కాదు.

ఉమ్మనీటి పరీక్ష మన దేశమునకు 1970ల దశకములో వచ్చినది. శిశువునకు పుట్టుకతో సంక్రమించు లోపములను ముందుగా గుర్తించుట దాని ఉద్దేశము. అనతికాలముననే అది ఆడశిశువును ఏరివేయు సాధనమైనది. నేడు కొన్ని వందలు వెచ్చించి రేపటి కట్నపు లక్షలు మిగుల్చుకొనుడని భావము వచ్చునట్లు ప్రకటనలు సైతము వెలసినవి. పిమ్మట వచ్చిన స్కానింగు, సూది గ్రుచ్చు శ్రమ కూడ లేకుండ చేసినది. ఈ పరీక్షకు ‘లింగ నిర్ధారణ’ యని పేరు; లింగధారులైన వారి చెవికి ఆ మాట ములుకువలె తగులుట సహజము.

1988లో మహారాష్ట్రము, 1994లో పార్లమెంటు దీనిని నిషేధించుచు చట్టములు చేసినవి. కేంద్ర చట్టము 1996 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చి, 2003లో మరింత కట్టుదిట్టము చేయబడినది. గర్భవతికి గాని, బంధువులకు గాని, మరెవ్వరికి గాని, మాటలతో, సైగలతో, వేరే విధముగనైనను శిశువు ఆడయో మగయో తెలుపరాదు. సైగలని ప్రత్యేకముగ వ్రాయవలసి వచ్చినది చూడుడు! నోరు మూసికొని కంటితో చెప్పు నేర్పు మనవారికి కలదని శాసనకర్తలెరుగుదురు.

మహాభారతము కర్ణపర్వమున కౌశికుడను తపస్వి కథ కలదు. దొంగలకు జడిసి కొందరు అడవిలో దాగిరి. తరుముకొని వచ్చిన దొంగలు అడుగగా, సత్యవ్రతుడనను పట్టుదలతో కౌశికుడు వారి జాడ చెప్పెను. దాగినవారు హతులైరి, కౌశికునకు నరకము ప్రాప్తించెను. ఆతడు పలికినది సత్యమే. కాని ఆ సత్యము ఎవరి చేతికి ఆయుధమగునో ఆతడు యోచింపలేదు. మౌనము అసత్యము కాదు. డాక్టరు ఆడను మగ యని చెప్పవలెనని చట్టము కోరలేదు, ఊరకుండుమనియే కోరినది.

అడిగినవారందరును హంతకులు కారు గదా, ముచ్చటకొరకు అడుగువారికేల ఈ శిక్ష యనవచ్చును. వారు కోల్పోవునది కొన్ని నెలల కుతూహలము. రెండవ పక్షమున పోవునది జన్మ.

గర్భస్రావము 1971 చట్టము ననుసరించి స్త్రీకి కొన్ని పరిమితులలో అనుమతింపబడినదే కదా, దీనికి మాత్రము అడ్డేమి యనునది మరియొక వాదము. తల్లి ప్రాణమునకో ఆరోగ్యమునకో ముప్పు కలిగి గర్భమును వలదనుట వేరు. గర్భమును కోరి, అందున్నది ఆడపిల్ల యని తెలిసిన పిమ్మట వలదనుట వేరు. రెండవదానిలో కోరిక తల్లిదేనా? భర్తయో బంధువులో ఆమెను బలవంతపెట్టినట్లే, వేరు రుజువు లేనంతవరకు, న్యాయస్థానము భావింపవలెనని ఈ చట్టమే చెప్పుచున్నది. వరుసగా ఇద్దరాడపిల్లలను కని, అత్తగారి మాటలు విన్న కోడలికి ఆ వాక్యములోని అర్థము ఎవరును విప్పి చెప్పనక్కరలేదు.

2016లో నాటి కేంద్రమంత్రి మేనకా గాంధీ ఇందుకు విరుద్ధమైన సూచన చేసిరి: ప్రతి గర్భమునకును పరీక్ష జరిపి, ఫలితమును నమోదు చేసి, ప్రసవమువరకు కనిపెట్టి చూడవలెనని. వినుటకు సత్యవంతముగ తోచును. కాని దీనివలన డాక్టరుపై ఉన్న నిఘా గర్భవతిపైకి మారును. ఇంటిలో ఒత్తిడి, వాకిట అధికారి; సహజముగ గర్భము పోయినను ఆమెయే సంజాయిషీ చెప్పుకొనవలెను. ఇది న్యాయము కాదు.

దక్షిణ కొరియా దేశము 1987లో ఇట్టి నిషేధమునే విధించినది. 1990లో అచ్చట నూరుమంది ఆడశిశువులకు 116 మందికి పైగా మగశిశువులు పుట్టిరి. తరువాత స్త్రీలకు చదువు, ఉద్యోగము పెరిగినవి. పురుషుడే కుటుంబ యజమాని యను విధానము 2008లో రద్దయినది. పుత్రవ్యామోహము సన్నగిల్లి, జననములు సమస్థితికి వచ్చినవి. అప్పుడు, 2024 ఫిబ్రవరిలో, అచ్చటి రాజ్యాంగ న్యాయస్థానము ఇక దాచనక్కరలేదని మిగిలిన నిషేధమును కొట్టివేసినది.

మన స్థితి అది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరేండ్లలోపు బాలురు వేయిమందికి బాలికలు 1991లో 975, 2001లో 961, 2011లో 939. చట్టము ఉండగనే ఇట్లు తగ్గినది.

పిండప్రదానమునకు కొడుకు కావలెనని ఇతరులు చెప్పుకొందురు. వీరశైవునకు ఆ సాకు కూడ లేదు. లింగైక్యము నొందినవానికి పిండముతో పనియేమి? అంతేకాదు, గర్భిణికి ఎనిమిదవ మాసమున గురువు వచ్చి గర్భస్థ శిశువునకు లింగధారణము చేయు సంప్రదాయము మనకున్నది. ఆ శిశువు ఆడయో మగయో గురువు అడుగడు. అడుగకయే తల్లి దేహమున లింగమును కట్టును. ఐనను సంబంధములు కుదుర్చుకొనునప్పుడు కట్నపు బేరము ఇతరుల ఇండ్లలోవలెనే మన ఇండ్లలోను సాగుచున్నది. స్కానింగు ఐదవ మాసముననే జరుగును. గురువు వచ్చునది ఎనిమిదవ మాసమున.