మరిచిపోయిన బాకీ

వర్చువల్ మెషీన్ అంటే చివరికి కొన్ని ఫైళ్లే. డిస్కు ఒక ఫైలు, ప్రాసెసర్లు ఎన్ని, మెమరీ ఎంత అన్న వివరాలు మరో ఫైలు. అందుకే దానికి ఫలానా పెట్టెలోనే ఉండాలన్న నిర్బంధం లేదు. మారిన భాగాలను ఎప్పటికప్పుడు దూరాన ఉన్న క్లౌడ్‌కు పంపుతూ ఉంటే, ఇక్కడి డేటా సెంటర్ తగలబడినా, నీట మునిగినా, ఆ మెషీన్‌ను అక్కడ లేపవచ్చు. ఊరు మారుతుంది, హార్డ్‌వేర్ మారుతుంది, చాలాసార్లు ఐపీ అడ్రసూ మారుతుంది. డిజాస్టర్ రికవరీ అనే ఈ పని ఇంజినీర్లకు మామూలే. నాకు మాత్రం ఇందులో పునర్జన్మ మీద మన దేశంలో రెండు వేల ఏళ్లకు పైగా సాగుతున్న వాదమే కనిపిస్తుంది. లేచింది పాతదేనా, వేరొకటా? అది పాతదే అని తేల్చేది దేహం కాదని తేలిగ్గానే ఒప్పుకుంటాం. జ్ఞాపకం కూడా కాదు, బాకీ అంటాను నేను.

మైక్రోసాఫ్ట్ హైపర్-వీ రెప్లికాలో మార్పులు పంపే వ్యవధికి మూడు ఎంపికలున్నాయి: 30 సెకన్లు, 5 నిమిషాలు, 15 నిమిషాలు. ఒక బ్యాంకు పదిహేను ఎంచుకుందనుకుందాం. ఆఖరి ప్రతి పది గంటలకు వెళ్లింది. 10.07కు ఒకామె ఇరవై వేలు జమచేసి రసీదు తీసుకుంది. 10.10కి మంటలు లేచాయి. క్లౌడ్‌లో లేచిన సర్వర్ లెక్కన ఆమె ఆ పూట బ్యాంకు గడపే తొక్కలేదు. జ్ఞాపకమే ఆధారమైతే ఆమెకు ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు. కానీ ఆ ఇరవై వేలు కాదంటే అది ఇక పాత బ్యాంకు కాదు. తనకు గుర్తులేని జమను తనదిగా ఒప్పుకున్నప్పుడే అది పాత బ్యాంకు అవుతుంది.

బౌద్ధ గ్రంథం మిళిందపన్హాలో భిక్షువు నాగసేనుడు మిళింద మహారాజుకు ఇలాంటిదే ఒక మామిడిపళ్ల దొంగ సంగతి చెబుతాడు. తోటవాడు నాటిన పండు వేరు, నేను కోసుకున్న పండు వేరు అని దొంగ వాదిస్తాడు. ఆ మాట అబద్ధం కాదు. అయినా తప్పించుకోలేడు, ఈ పండు ఆ నాటిన దాని నుంచే వచ్చింది కాబట్టి. ఒక దేహం నుంచి మరో దేహానికి దాటే ఆత్మను ఒప్పుకోకుండానే కర్మ వదలదని చెప్పగలిగాడు నాగసేనుడు.

బాకీ బ్యాంకుది, సర్వర్‌ది కాదు కదా అనవచ్చు. నిజమే, కానీ ఉద్యోగులు, భవనాలు, యాజమాన్యం మారినా అదే బ్యాంకని ఎలా అంటున్నామో అడిగితే మళ్లీ ఇక్కడికే వస్తాం. అంతకంటే గట్టి ఆక్షేపణ మరొకటుంది: గుర్తులేని పనికి ఫలం అనుభవించమనడం ఏం న్యాయం? దీన్ని తీసిపారేయలేం. అయితే జ్ఞాపకం ఆ పని చేసినవాడి దగ్గరే ఉండాలని ఈ ప్రశ్న ముందే అనుకుంటోంది. అలా ఉండనక్కర్లేదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజియోన్‌లో, ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకుని 709 వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు పత్రాలు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లకు బయట ప్రతి లేదు. అంతా పోయింది. పోయినదాని కోసం ఉద్యోగుల కంప్యూటర్లలో, ఈమెయిళ్లలో, కాగితాల్లో వెతుక్కోవలసి వచ్చింది. సర్వర్ మరిచింది అవతలివాళ్ల దగ్గర మిగిలి ఉంటుంది. మన బ్యాంకులో జమచేసినామె రసీదూ అలాంటిదే. గడిచిన జన్మకు ఏ రసీదూ లేదు, అది ఒప్పుకోవాలి. కర్మ సిద్ధాంతం రుజువైందని నేననడం లేదు. మరిచిపోయినంత మాత్రాన బాకీ రద్దు కాదన్నంత వరకే నా వాదన.

ఇక రెండు ప్రతులూ ఒకేసారి బతికి ఉంటే? మంటలు లేకుండా మధ్యలో నెట్‌వర్క్ మాత్రమే తెగినప్పుడు ఈ ప్రమాదం ఉంది. పాతది చచ్చిందనుకుని కొత్తది లేస్తుంది, రెండూ జమలు తీసుకుంటాయి. ఇలా జరగకుండా పాతదాన్ని ఖాయంగా ఆపాకే కొత్తదాన్ని లేపాలన్నది ఈ పనిలో మొదటి జాగ్రత్త. జ్ఞాపకమే ఆధారమైతే రెండింటికీ పది గంటల వరకు ఒకే గతం ఉంది కనుక ఏది అసలుదో ఎన్నటికీ తేలదు. పొరపాటున ఇలా జరిగిపోతే బ్యాంకు చేయవలసింది అసలుదాన్ని తేల్చడం కాదు. రెండు ఖాతాపుస్తకాలనూ పక్కపక్కన పెట్టి, దేనిలో పడిన జమనైనా ఒప్పుకోవాలి. నువ్వు కట్టింది నకిలీకి అని ఏ ఖాతాదారునూ వెనక్కి పంపే హక్కు దానికి లేదు.