అనిత్యం తెలిసినవాళ్ళ కట్టుబడి

నాగార్జునకొండ లోయలోని మహాచైత్యం దగ్గర దొరికిన ఆయక స్తంభాల మీద ప్రాకృత శాసనాలున్నాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరం నాటివి, అంటే క్రీస్తుశకం మూడో శతాబ్దానివి. దాత రాజుగారి మేనత్త చాంతిసిరి. ఆమె పేరుతోపాటు పని పూర్తిచేయించినవాడి పేరునూ రాతి మీద చెక్కారు: భదంత ఆనందుడు. దీఘ, మజ్ఝిమ నికాయాలు నేర్చిన ఆచార్యుల శిష్యుడు. పల్నాటి గడ్డమీద పేరు తెలిసిన తొలితరం ఇంజనీర్లలో ఒకరు బౌద్ధ భిక్షువన్నమాట.

ఆయన చేయించింది చిన్న పని కాదు. చైత్యం అడ్డకొలత 106 అడుగులు. అంత గుమ్మటాన్ని లోపలంతా ఇటుకతో నింపాలంటే ఇటుక బట్టీలు చాలవు. ఊరికే మట్టిపోసి చుట్టూ గోడ కడితే, వానకు నానిన మట్టి ఆ గోడను బయటికి తోసేస్తుంది. అందుకని ఒకదాని చుట్టూ ఒకటిగా గుండ్రటి గోడలు లేపారు. నడుమనుంచి బండిచక్రం ఆకుల్లా అడ్డగోడలు తీశారు. మధ్య ఏర్పడిన గదుల్లో మట్టి దట్టించారు. ఇటుక ఆదా అయింది, గోడలు బరువు పంచుకున్నాయి, నేలపటంలో ధర్మచక్రమూ కనిపించింది. ఆ ఆకృతి సిద్ధాంతం కోసం వచ్చిందా, బలం కోసం వచ్చిందా అని పండితులు తర్కించవచ్చు. ఆనందుడికి ఆ రెండూ ఒకే పని అయివుంటాయి. 1927 నుంచి 1931 దాకా ఇక్కడ తవ్వించిన లాంగ్‌హర్స్ట్‌కు ఆ గదుల్లో ఒకదానిలో బంగారు, వెండి భరిణెల్లో భద్రపరచిన అస్థిధాతువు దొరికింది. ఇప్పుడది సారనాథ్ మూలగంధకుటీ విహారంలో ఉంది.

మరి, పుట్టినదల్లా నశిస్తుందని నిత్యం వల్లెవేసే భిక్షువు అంత గట్టిగా ఎందుకు కట్టించినట్టు?

లోయకు తన పేరిచ్చిన ఆచార్య నాగార్జునుడి తర్కంలోనే ఇందుకు జవాబు దొరుకుతుంది. ఏ వస్తువూ తనంత తాను నిలవదు, కారణాలు కూడితేనే ఉంటుంది అంటాడాయన. కట్టడాలు చేసేవాడికి ఇది భయపెట్టే మాట కాదు, రోజూ ఎదురయ్యే నిజం. పునాది, ఇటుక, అడ్డగోడ, మేస్త్రీ చెయ్యి, వీటిలో ఏది తప్పినా గోడ లేదు. పోతుందని తెలిసినవాడు కారణాల పట్ల మరింత జాగ్రత్త పడతాడు.

పదిహేడు శతాబ్దాల తర్వాత అదే లోయ మొగదల మరో కట్టుబడి లేచింది. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ పట్టుబట్టి సాధించిన నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తూ, దాన్ని పవిత్ర కార్యంగా భావిస్తున్నానన్నారు. కంప్యూటర్లు లేవు. లెక్కలన్నీ స్లైడ్ రూలుతో, లాగరిథమ్ పట్టికలతో, డ్రాయింగులు చేత్తో. యంత్రాలూ విదేశీ మారకమూ కరువైన దేశంలో కాంక్రీటుకు బదులు రాతికట్టుబడి ఎంచుకున్నారు. పాలమూరు వంటి చోట్లనుంచి వచ్చిన వేలమంది కూలీలు రాళ్ళు మోశారు. 124 మీటర్ల ఎత్తు లేచిన ఆ గోడ తన బరువుతోనే కృష్ణను ఆపుతోంది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. జొన్నకూటి సీమగా పేరుపడ్డ పల్నాటికి కుడికాలువ వరి తెచ్చింది.

ఆనందుడి లోయ మాత్రం నీట మునిగింది. అన్నీ అనిత్యమే కదా, మునిగితేనేం అని ఎవరైనా బౌద్ధాన్నే సాక్ష్యానికి పిలవవచ్చు. ఆ వాదం నిలవదు. తనంత తాను కాలం తీరి పోవడం వేరు, మనిషి తీర్మానించి ముంచడం వేరు. రెండోదానికి చేసినవాడి చేతన, అంటే సంకల్పం, బాధ్యత వహిస్తుంది, బౌద్ధం కర్మను వెతికేది అక్కడే. ఆ బాధ్యతను కొంతైనా మోసినవాళ్ళున్నారు. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 వరకు, నీరు రాకముందే లోయనంతా తవ్వారు. మహాచైత్యంతో సహా తొమ్మిది కట్టడాలను తరలించి, కొన్నిటిని కొండమీద, మెట్ల ప్రేక్షకశాలను అనుపులో మళ్ళీ నిలబెట్టారు.

రాళ్ళ విషయం అలా సర్దుకుంది. లోయలో మనుషులూ ఉన్నారు, పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్ళున్నాయి. చాంతిసిరి తనదైనది తన ఇష్టంతో ఇచ్చింది, అందుకే అది దానం. ఈ ఊళ్ళవాళ్ళు ఇవ్వలేదు, వాళ్ళ దగ్గర తీసుకున్నారు. నరసరావుపేట దాకా పారే నీటిలో పుణ్యమంటూ ఉంటే అందులో వాళ్ళ వాటా ఎంత అన్నది ఆయకట్టు రైతులు ఇప్పటికీ తమను తాము అడగదగ్గ ప్రశ్న.